ఈ-జర్నళ్ల ఆలనాపాలనా ఎవరిది? విశ్వవిద్యాలయ పెద్దలకు ఒక విశ్రాంత గ్రంథాలయ ఉద్యోగి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైస్ ఛాన్సలర్ గారికి, రిజిస్ట్రార్ గారికి, గ్రంథాలయ కమిటీ సభ్యులకు,

నమస్కారాలు.

నేను మన విశ్వవిద్యాలయ గ్రంథాలయం పీరియాడికల్స్ (పత్రికల) సెక్షన్‌లో ఇరవై ఏడేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు హుజూరాబాద్‌లో ఉంటున్నాను. ఈ-జర్నళ్లు, అంటే ఇంటర్నెట్‌లో చదువుకునే పరిశోధక పత్రికలు, ఈ-పుస్తకాలు మన పిల్లలకు సరిగా అందడం లేదన్న సంగతినే ఇదివరకు మూడు దరఖాస్తులుగా పెట్టుకున్నాను. ఒకటి గ్రంథాలయంలో చేతికిచ్చాను. రెండోది రిజిస్ట్రార్ ఆఫీసు ఇన్‌వర్డ్‌లో వేశాను. మూడోది రిజిస్టర్ పోస్టులో పంపాను. ఇన్‌వర్డ్ నంబరు, పోస్టాఫీసు రసీదు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఒక్కదానికీ జవాబు రాలేదు కాబట్టి నలుగురూ చదివేలా రాయాల్సి వచ్చింది. విశ్వవిద్యాలయం పేరు మాత్రం రాయడం లేదు. నాకు అన్నం పెట్టిన సంస్థ పేరును బజారున పెట్టడం నాకిష్టం లేదు. పైగా ఈ ఇబ్బంది ఏ గ్రంథాలయానికైనా రావచ్చు.

జూన్‌లో ఒక ఆదివారం పొద్దున ఒక అమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మన దగ్గరే వృక్షశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. ఏటూరునాగారం అడవుల్లో కోయ వైద్యులు వాడే మందు చెట్ల మీద ఆమె పరిశోధన. పార్ట్‌టైం స్కాలర్. ములుగు దిక్కు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతుంది. పోని రోజుకు జీతం ఉండదు. వాళ్ల గైడు నా సంగతి చెప్పి పంపారట. కూర్చోగానే ఫోన్ తీసి చూపించింది. ఒక జర్నల్ వ్యాసం పేజీ. సారాంశం వరకే కనిపిస్తోంది, కింద రెండు దారులు ఇచ్చారు: మీ సంస్థ ద్వారా లాగిన్ అవ్వండి, లేదా ఈ ఒక్క వ్యాసాన్ని కొనుక్కోండి. కొనాలంటే దాదాపు 40 డాలర్లు. మన డబ్బుల్లో మూడు వేలకు పైనే.

"సార్, ఇది మనకు ఉన్నదంటరు. లైబ్రరీల కూసొని ఒత్తినా గిదే వస్తది, ఊర్లె ఒత్తినా గిదే వస్తది. ఇంతకూ మనకు ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అదే ప్రశ్న ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

మర్నాడు ఆమెతో పాటే బస్సెక్కి గ్రంథాలయానికి వెళ్లాను. అక్కడ అవుట్‌సోర్సింగ్‌లో పనిచేస్తున్న ఒక పిల్లవాడు మాకు కంప్యూటర్ ఇచ్చి పక్కనే కూర్చున్నాడు. ఏ ప్రచురణ సంస్థ పేజీ తెరిచినా సారాంశం దగ్గరే ఆగిపోతోంది. ఒక పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో మన కంప్యూటర్ ఐపీ నంబరు, అంటే ఇంటర్నెట్‌లో దాని చిరునామా లాంటిది, కనిపించింది. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు రాసుకున్న నోటుబుక్కు వెంట తీసుకెళ్లాను. ప్రచురణ సంస్థల దగ్గర మన పేరున నమోదు చేయించిన ఐపీ నంబర్లు అందులో ఉన్నాయి. ఆ నంబర్ల నుంచి వచ్చినవాళ్లకే ఆ సంస్థలు తలుపు తెరుస్తాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. మొదటి అంకె నుంచే కలవడం లేదు.

విచారిస్తే తేలింది ఇది: కిందటి సంవత్సరం చివర్లో క్యాంపస్ ఇంటర్నెట్ కనెక్షన్ మార్చారు. కనెక్షన్‌తో పాటు ఐపీ నంబర్లూ మారాయి. ఆ మాట గ్రంథాలయానికి ఎవరూ చెప్పలేదు. గ్రంథాలయం అడగలేదు. ప్రచురణ సంస్థలకు కబురు వెళ్లలేదు. ఇల్లు మారి పోస్టాఫీసుకు చెప్పకపోతే ఉత్తరాలు పాత గుమ్మానికే పోతాయి కదా, అదే జరిగింది. పాత నంబర్లకు తలుపు తెరిచే ఉంది, అక్కడ మన పిల్లలు ఎవరూ లేరు. కొత్త నంబర్ల మీద పిల్లలు ఉన్నారు, తలుపు మూసి ఉంది. జనవరి నుంచి జూన్ దాకా ఆరు నెలలు ఇలాగే గడిచిపోయాయి. కంప్యూటర్ సెంటర్‌లో అడిగితే "అది లైబ్రరీ వాళ్లు చూసుకోవాలి" అన్నారు. గ్రంథాలయంలో అడిగితే "నెట్ సంగతి మా చేతిలో లేదు" అన్నారు. ఎవరినీ తప్పు పట్టను. ఇద్దరి మధ్యా ఉన్న ఈ పనిని కాగితం మీద ఎవరికీ అప్పగించలేదు. నా ఫిర్యాదంతా దాని మీదే.

నా కాలంలో ఈ పని ఎలా జరిగేదో కొంచెం చెప్పనివ్వండి. పీరియాడికల్స్ సెక్షన్‌లో కార్డెక్స్ అని ఇనుప బీరువా ఉండేది. సన్నటి ట్రేలు. ట్రే లాగితే కార్డులు ఒకదాని కింద ఒకటి, అంచులు మాత్రం కనిపించేలా పరిచి ఉండేవి. ఒక్కో జర్నల్‌కు ఒక్కో కార్డు. పోస్టుమ్యాన్ కట్ట తేగానే విప్పి, వాల్యూమ్ నంబరు, సంచిక నంబరు, వచ్చిన తేదీ కార్డులో ఎక్కించేవాళ్లం. మార్చి సంచిక ఏప్రిల్ నెలాఖరుకు కూడా రాలేదంటే కార్డు అంచుకు ఎర్ర క్లిప్పు పెట్టేవాళ్లం. ఎర్ర క్లిప్పు పడ్డదంటే ఏజెంటుకు క్లెయిమ్ ఉత్తరం వెళ్లాల్సిందే. ఆలస్యం చేస్తే స్టాకు అయిపోయిందనేవాడు, ఆ సంచిక ఇక ఎప్పటికీ రాదు, బైండింగ్‌లో ఆ ఏడాది వాల్యూమ్ కుంటిదవుతుంది. అందుకే సంచిక రాలేదని పాఠకుడు వచ్చి అడిగేలోపే మాకు తెలిసిపోయేది.

ఈ-జర్నల్‌కు కట్ట రాదు. విప్పే పని లేదు. ర్యాకులో ఖాళీ కనిపించదు. జనవరిలో చందా రెన్యువల్ ఆలస్యమై ప్రచురణ సంస్థ తలుపు మూసినా, ఒక జర్నల్ ఈ సంస్థ చేతి నుంచి ఇంకో సంస్థ చేతికి మారి లింకు చచ్చిపోయినా, గంపగుత్తగా చందా కట్టిన ప్యాకేజీలోంచి ఒక పుస్తకాన్ని తీసేసినా, చూసే కన్ను ఉంటే తప్ప ఎవరికీ తెలియదు. కాగితం జర్నళ్లు పోయాయి కాబట్టి ఆ సెక్షన్‌లో మనుషులు అక్కర్లేదని పోస్టులు నింపడం మానేశారు. నిజానికి అక్కడ మనిషి అవసరం ఇప్పుడే ఎక్కువ.

డబ్బు లేక ఈ గతి పట్టిందని అనడానికి వీల్లేదు. 2004లోనే యూజీసీ-ఇన్ఫోనెట్ డిజిటల్ లైబ్రరీ కన్సార్షియం అనే ఉమ్మడి ఏర్పాటు ద్వారా విశ్వవిద్యాలయాలకు ఈ-జర్నళ్లు రావడం మొదలైంది. కాలేజీల కోసం 2010లో ఎన్-లిస్ట్ అనే అలాంటి ఏర్పాటే వచ్చింది. 2015లో వీటన్నింటినీ కలిపి ఈ-శోధ్‌సింధు చేశారు. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని, అంటే ప్రభుత్వ విద్యాసంస్థలన్నింటి తరఫునా కేంద్రమే జర్నళ్ల చందా కట్టే పథకాన్ని, ఆమోదించింది. 2025, 2026, 2027 మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 ఈ-జర్నళ్లు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలు, సుమారు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు. ఏర్పాట్లన్నీ గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూజీసీ కేంద్రం చూస్తోంది. అంటే ఒకప్పుడు మేం విదేశీ జర్నల్ ఒక్కదానికి చందా కట్టడానికి నెలల తరబడి ఫైలు నడిపించిన చోట, ఇప్పుడు వేల జర్నళ్లు మన గడప దాకా వచ్చి నిలబడ్డాయి. గడప లోపలికి తీసుకురావాల్సిన బాధ్యత ఒక్కటే మనది.

ఆ ఒక్కటీ జరగక ఎవరికి ఏం నష్టమవుతోందో నేను చూసినంతవరకు రాస్తున్నాను.

1. ఊళ్లలో ఉండి చదువుకునేవాళ్లకు. మన స్కాలర్లలో చాలామంది క్యాంపస్‌లో ఉండరు. భూపాలపల్లి, మహబూబాబాద్, మంథని, ఆసిఫాబాద్ దిక్కు ఊళ్లలో ఉంటూ ఉద్యోగం చేసుకుంటూ చదువుతారు. వాళ్లకు ఇంటి నుంచి లాగిన్ కావాలి. అందుకోసం ఇన్‌ఫ్లిబ్‌నెట్ 'ఇన్‌ఫెడ్' అనే ఏర్పాటు ఎప్పుడో చేసి పెట్టింది. ఒక్క యూజర్ నేమ్, ఒక్క పాస్‌వర్డ్‌తో ఎక్కడి నుంచైనా తెరుచుకోవచ్చు. కానీ ఆ ఖాతాకు గ్రంథాలయం ఆమోదం ఉండాలి. నేను చెప్పిన అమ్మాయి రెండుసార్లు ఫారం నింపి ఇచ్చింది. రెండుసార్లూ "పై నుంచి చెప్పాలి" అన్నారు. దాంతో ఒక్కో వ్యాసం కోసం ఆమె ఏటూరునాగారం నుంచి బస్సు పట్టుకుని రావాలి. వచ్చిన రోజు జీతం పోతుంది, ఛార్జీలు పోతాయి, ఆఖరి బస్సు అందుకోవాలని సాయంత్రం నాలుగింటికే గ్రంథాలయం నుంచి బయల్దేరాలి. ఇంత చేసి వస్తే తలుపు మూసి ఉంది. గ్రంథాలయ శాస్త్రానికి పెద్దదిక్కయిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ఐదు సూత్రాలు ఇచ్చారు. పాఠకుడి సమయాన్ని ఆదా చేయాలన్నది నాలుగోది. ఆమె పోగొట్టుకున్న రోజుల లెక్క ఎవరు చెబుతారు?

2. ఈ-పుస్తకాల మీద ఆధారపడే పీజీ పిల్లలకు. ఈ సంగతి కమిటీ పెద్దలకు సరిగా తెలియదని నాకు అనిపిస్తోంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. కాగితం పుస్తకం కొంటే అది మనది. ఈ-పుస్తకం అలా కాదు. కొన్నింటిని శాశ్వత హక్కుతో కొంటాం, కొన్నింటిని ఏడాది చందా మీద అద్దెకు తెచ్చుకుంటాం. అద్దెవి ప్యాకేజీలో ఎంతకాలం ఉంచాలన్నది ప్రచురణ సంస్థ ఇష్టం. మన దగ్గర ఒక పీజీ శాఖ సిలబస్‌లో పెట్టిన పుస్తకం ఇలాగే సెమిస్టర్ మధ్యలో మాయమైంది. పిల్లలు గ్రంథాలయం వాళ్లే తీసేశారనుకున్నారు. తీసేసినట్టు గ్రంథాలయానికీ తెలియదు.

ఇంకో పుస్తకాన్ని శాశ్వత హక్కుతోనే కొన్నారు కానీ, ఒకేసారి ఒక్కరే చదివే లైసెన్సు తీసుకున్నారు. క్లాసులో నలభై మంది. పరీక్ష ముందు రోజు రాత్రి హాస్టల్లో ఒక పిల్లాడు తెరిచి పెట్టుకుని నిద్రపోతే, గడువు ముగిసి అది తనంతట తాను మూసుకునేదాకా మిగతా ముప్పై తొమ్మిది మందికీ "ఈ పుస్తకం ప్రస్తుతం వాడుకలో ఉంది, తర్వాత ప్రయత్నించండి" అని వస్తుంది. ముగ్గురు చదివే లైసెన్సు ఉంటుందని, ఎంతమందైనా చదివేది కూడా ఉంటుందని కొనేటప్పుడు ఎవరైనా అడిగారా? పాఠ్యపుస్తకానికి ఏది కావాలో ఆ శాఖ అధ్యాపకులను అడిగారా?

పైగా ఈ పుస్తకాలు మన క్యాటలాగ్‌లోనే లేవు. పిల్లలు గ్రంథాలయ కంప్యూటర్‌లో పేరు కొట్టి వెతికితే కాగితం పుస్తకాలే వస్తాయి. కోటిపెట్టి కొన్నా, పైసా పెట్టి కొన్నా, క్యాటలాగ్‌లో లేని పుస్తకం పాఠకుడికి లేనట్టే. చాలా ప్రచురణ సంస్థలు క్యాటలాగ్ రికార్డులను పుస్తకాలతో పాటే ఇస్తాయి. తెచ్చుకుని ఎక్కించుకోవడమే మిగిలింది.

3. ఒకరి పొరపాటుకు అందరికీ. ఎవరో ఒక స్కాలర్ తెలియక ఒక సాఫ్ట్‌వేర్ పెట్టి, ఒక జర్నల్ పాత సంచికలన్నీ ఒక్క రాత్రిలో దించుకోవాలని చూస్తాడు. ప్రచురణ సంస్థ యంత్రం దాన్ని కనిపెట్టి ఆ ఐపీని ఆపేస్తుంది. క్యాంపస్ మొత్తం బయటికి ఒకే ఐపీగా కనిపిస్తే మొత్తానికి తలుపు పడిపోతుంది. ఆ సంస్థ గ్రంథాలయానికి మెయిల్ పెడుతుంది, వివరణ ఇస్తే మళ్లీ తెరుస్తుంది. నేను ఉన్నప్పుడు ఇలా రెండుసార్లు జరిగింది, రెండు రోజుల్లో తెరిపించాం. ఇప్పుడు ఆ మెయిళ్లు ఎప్పుడో రిటైరైన అధికారి పేరున ఉన్న చిరునామాకు పోతున్నాయి. దాని పాస్‌వర్డ్ ఎవరి దగ్గరా లేదని నాకు చెప్పారు.

4. లెక్కలో లేకుండా పోయినవాళ్లకు. ఎంతమంది ఎన్ని వ్యాసాలు తెరిచారో 'కౌంటర్' పద్ధతిలో ప్రచురణ సంస్థలు నెలవారీ లెక్క ఇస్తాయి. లైసెన్సు లేక ఎన్నిసార్లు వెనక్కి పంపారో, ఒకేసారి చదివేవాళ్ల పరిమితి దాటి ఎన్నిసార్లు ఆపారో కూడా అందులో విడిగా ఉంటుంది. కానీ ఐపీ నంబరే మనది కాదనుకున్నప్పుడు, ఆగిపోయినవాళ్లు మన ఖాతాలోకే రారు. వాడినవాళ్లు సున్నా, వెనక్కి పోయినవాళ్లు కూడా సున్నా. రేపు కమిటీ ముందుకు ఆ కాగితం వస్తే "ఎవరూ చదవని దానికి ఇంత ఖర్చెందుకు" అనే మాట వస్తుంది. మనం సొంత నిధులతో కొంటున్న ప్యాకేజీలకు ఈ ప్రమాదం ఉంది. ఆరు నెలలు తాళం వేసి ఉంచి, లోపలికి ఎవరూ రాలేదని ఆ గది ఎత్తేయడం న్యాయమేనా? ఈ ఏడాది వాడకం లెక్కను చూసి ఏ ఒక్క చందా కూడా ఆపవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను.

5. పిల్లల నడవడికకు. తలుపు మూసి ఉంటే పిల్లలు చదవడం మానరు, మానకూడదు కూడా. దొంగ సైట్ల నుంచి దించుకుంటారు. అలాంటి సైట్ల మీద మూడు ప్రచురణ సంస్థలు 2020 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. పీహెచ్‌డీ చేరిన ప్రతి ఒక్కరికీ యూజీసీ పరిశోధనా నైతికత మీద రెండు క్రెడిట్ల కోర్సు తప్పనిసరి చేసింది. ఆ కోర్సు చెప్పే అధ్యాపకుడు ఒకరు నాతో అన్నారు: "దేశం డబ్బు కట్టిన వ్యాసాన్నే మా పిల్లలు అడ్డదారిలో తెచ్చుకుంటుంటే ఏ ముఖం పెట్టుకుని పాఠం చెప్పను?" ఆయన బాధ నిజమైనది.

6. రేపటివాళ్లకు. కాగితం జర్నల్ చందా 2003లో ఆపేసినా, 2002 దాకా వచ్చిన బౌండ్ వాల్యూములు ర్యాకులో ఉంటాయి. ఈ-జర్నల్ చందా ఆపేస్తే, డబ్బు కట్టిన సంవత్సరాల సంచికలు మనకు మిగులుతాయా లేదా అన్నది ఒప్పందంలో రాసుకున్న షరతును బట్టి ఉంటుంది. కొన్ని సంస్థలు శాశ్వతంగా చదువుకునే హక్కు ఇస్తాయి. సంస్థ మూతపడితే ఎలా అన్నదానికి లాక్స్, పోర్టికో లాంటి భద్రపరిచే ఏర్పాట్లు ప్రపంచంలో ఉన్నాయి. మన ఒప్పందాల్లో ఏముంది? ఆ ఫైలు ఒక్కచోట లేదు. కొంత అకౌంట్స్‌లో, కొంత గ్రంథాలయంలో, కొంత పాత ఆఫీసర్ల మెయిళ్లలో ఉంది. ఇది తేలకముందే "అంతా ఆన్‌లైన్‌లో ఉంది కదా, చోటు ఖాళీ చేద్దాం" అని బౌండ్ వాల్యూములను కిందికి దించారు. స్టాక్ రూంలో తడి గోడ పక్కన కట్టలు పేర్చి ఉన్నాయి. ఒక కట్ట విప్పి చూశాను. నేను స్వయంగా నంబరు వేసిన వాల్యూము. అట్ట పట్టుకుంటే అట్ట చేతికొచ్చింది, లోపల చెదలు తిన్న పొడి రాలింది.

ఆన్‌లైన్ పేరు చెప్పి తెలుగు పత్రికలు, చిన్న పరిశోధక పత్రికల చందాలు కూడా ఆపేశారు. దేశం కొన్న 13,000 జర్నళ్లు అంతర్జాతీయ ప్రచురణ సంస్థలవి. మన తెలుగు సాహిత్య పత్రిక అందులో దొరకదు. తెలుగు శాఖ, చరిత్ర శాఖ పిల్లలకు ఉన్న దారి మూసి, కొత్త దారి చూపించలేదు.

సిబ్బంది లేరంటారని నాకు తెలుసు. అది నిజమే. నాతో పనిచేసిన వాళ్లలో రిటైరైన ఒక్కరి స్థానంలోనూ రెగ్యులర్ నియామకం జరగలేదు. అవుట్‌సోర్సింగ్ పిల్లలు సర్క్యులేషన్ (పుస్తకాలు ఇచ్చి తీసుకునే పని) చూస్తున్నారు, జిరాక్స్ చూస్తున్నారు, పోటీ పరీక్షల రీడింగ్ రూమ్‌కు తాళాలు కూడా వాళ్లే వేస్తున్నారు. ఆ రోజు మాతో కూర్చున్న పిల్లవాడు తన డ్యూటీ అయిపోయాక కూడా ఉండి సాయం చేశాడు. నేను అడుగుతున్నవాటిలో చాలావాటికి కొత్త పోస్టు అక్కర్లేదు. ఒక ఆర్డర్ కాగితం కావాలి, దాని మీద మీ సంతకం కావాలి.

నా కోరికలు ఇవి:

1. ఈ-జర్నళ్లు, ఈ-పుస్తకాల బాధ్యతను ఒక అధికారికి పేరుపెట్టి అప్పగిస్తూ ఉత్తర్వు ఇవ్వండి. ఆయన సెలవులో ఉంటే ఎవరు చూడాలో అందులోనే రాయండి. ఫోన్ నంబరు, మెయిల్ గ్రంథాలయం గుమ్మం దగ్గర, వెబ్‌సైట్‌లో పెట్టండి. మెయిల్ ఆ మనిషి పేరున కాకుండా పదవి పేరున ఉండాలి, మనిషి మారినా చిరునామా మారకూడదు. మిగతా ఏడు కోరికలూ పక్కన పెట్టి ఈ ఒక్కటి చేసినా నేను సంతోషిస్తాను.

2. ఇంటర్నెట్ కనెక్షన్‌లో ఏ మార్పు చేసినా, పదిహేను రోజుల ముందు కంప్యూటర్ సెంటర్ గ్రంథాలయానికి రాతపూర్వకంగా తెలపాలి. ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు, ప్రచురణ సంస్థలకు కొత్త నంబర్లు పంపి, తెరుచుకున్నాయని చూసుకున్నాకే పాత కనెక్షన్ తీసేయాలి. దీనికి ఇద్దరూ సంతకం చేసే రిజిస్టరు ఒకటి పెట్టండి.

3. ఇంటి నుంచి లాగిన్ అడిగిన స్కాలర్‌కు, పార్ట్‌టైం వాళ్లతో సహా, మూడు పనిదినాల్లో ఇవ్వండి. ఇవ్వలేకపోతే కారణం రాసి ఇవ్వండి. అడ్మిషన్ రోజునే ఈ ఫారం నింపిస్తే ఇంకా మంచిది. డిగ్రీ అయిపోయినవాళ్ల ఖాతాలు మూసేసే పని కూడా దీంతోనే జరుగుతుంది.

4. ఏ జర్నల్ ఏ సంవత్సరం నుంచి ఉంది, ఏ పుస్తకం శాశ్వతం, ఏది అద్దె, ఒకేసారి ఎంతమంది చదవొచ్చు, ఇవన్నీ ఉన్న జాబితా ఒకటి తయారుచేసి నెలకోసారి సరిచూడండి. నెలకు ఒక రోజు కూర్చుని లింకులు ఒక్కొక్కటీ తెరిచి చూడటమే కొత్త కార్డెక్స్. ఆ జాబితా క్యాటలాగ్‌లోకి ఎక్కాలి.

5. కొనుగోలు ఒప్పందాల ప్రతులన్నీ గ్రంథాలయంలో ఒకే ఫైలులో ఉంచండి. డబ్బు కట్టిన సంవత్సరాల సంచికలు చందా ఆపినా మనకు మిగలాలన్న షరతు లేనిదే కొత్త ఒప్పందం మీద సంతకం చేయవద్దు. ఆ హక్కు ఉందని తేలేదాకా ఒక్క బౌండ్ వాల్యూమునూ తీసేయవద్దు. స్టాక్ రూంలో ఉన్న కట్టలను ఈ వానాకాలం ముగిసేలోపు పొడి గదికి మార్చండి.

6. వాడకం లెక్కలను ఏడాదికోసారి అన్ని శాఖలకూ పంపండి, వెనక్కి పోయినవాళ్ల లెక్కతో సహా. శాఖను అడగకుండా ఏ చందా ఆపవద్దు.

7. ఆపేసిన తెలుగు పత్రికల చందాలు తిరిగి కట్టండి. విదేశీ జర్నళ్ల ఖర్చు కేంద్రం భరిస్తున్నప్పుడు మిగిలిన సొమ్ములో ఇది చాలా చిన్న మొత్తం.

8. అనుబంధ ప్రైవేటు కాలేజీల పిల్లలను లోపలికి రానివ్వండి. జాతీయ పథకం మొదటి దశలో ప్రభుత్వ సంస్థలే ఉన్నాయి. మన జిల్లాల్లో డిగ్రీ చదివే పిల్లల్లో ఎక్కువమంది ప్రైవేటు కాలేజీల్లోనే ఉన్నారు, ఆ దశలో వాళ్లకు ఈ జర్నళ్లు అందలేదు. కానీ గ్రంథాలయానికి స్వయంగా వచ్చి, అక్కడి కంప్యూటర్ మీద కూర్చుని చదివే బయటి పాఠకుడికి చాలా లైసెన్సుల్లో అనుమతి ఉంటుంది. వాక్-ఇన్ యూజర్ అంటారు. ఎక్కడెక్కడ ఆ అనుమతి ఉందో చూసి, నాలుగు కంప్యూటర్లు వాళ్ల కోసం కేటాయించండి. ఇది మన గడ్డకు కొత్త కాదు. నిజాం పాలనలో, 1904లో, హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వెలిసింది. చదువుకోవాలన్న కోరిక ఉన్నవాడికి పుస్తకం అందాలన్న తపనతోనే ఆనాటివాళ్లు అలాంటి నిలయాలను నిలబెట్టారు. వాళ్లకు లేని సౌకర్యాలన్నీ ఇప్పుడు మన దగ్గర ఉన్నాయి.

స్కాలర్లకు, అధ్యాపకులకు కూడా ఒక మాట. వ్యాసం తెరుచుకోకపోతే ఊరుకుని వేరే దారి వెతుక్కోకండి. ఆ పేజీని ఫోటో తీసి, తేదీ వేసి, గ్రంథాలయంలో రాతపూర్వకంగా ఇవ్వండి. ఆరు నెలల్లో ఒక్క కాగితం వచ్చి ఉంటే ఈ సంగతి జనవరిలోనే తేలేది. అధ్యాపకులు చాలామంది తెలిసినవాళ్లకు ఫోన్ చేసి హైదరాబాద్ నుంచి వ్యాసం తెప్పించుకున్నారని విన్నాను. వాళ్లకు పని జరిగింది. ఏటూరునాగారం అమ్మాయికి హైదరాబాద్‌లో ఎవరూ లేరు.

వీసీ గారూ, ముప్పై రోజుల్లో మొదటి కోరిక మీద ఉత్తర్వు వస్తుందని ఆశిస్తున్నాను. రాకపోతే సమాచార హక్కు చట్టం కింద ఒప్పందాల ప్రతులు, వాడకం లెక్కలు అడుగుతాను. మీరు పిలిస్తే ఎప్పుడైనా వస్తాను. నా నోటుబుక్కు ఇస్తాను, పిల్లలకు పని నేర్పమంటే వారానికి రెండు రోజులు వచ్చి నేర్పుతాను. నాకు ఏమీ ఇవ్వనక్కర్లేదు.

ఈ లేఖ రాసే నాటికి జరిగింది కూడా చెప్పాలి. ఆ అవుట్‌సోర్సింగ్ పిల్లవాడు తన చొరవతో కొత్త ఐపీ నంబర్లు సేకరించి, లైబ్రరీ ఆఫీసర్ చేత మెయిళ్లు పెట్టించాడు. కొన్ని తలుపులు తెరుచుకున్నాయి. ఆ అమ్మాయికి కావలసిన పద్నాలుగు వ్యాసాల్లో తొమ్మిది దొరికాయి. ఇంటి నుంచి లాగిన్ ఇంకా రాలేదు. మిగిలిన ఐదు వ్యాసాల పేర్లు, ఆమె రెండోసారి ఇచ్చిన ఫారం జిరాక్స్ కాపీ ఈ లేఖతో జతచేసి మీ కార్యాలయానికి పంపుతున్నాను.

ఇట్లు,
విధేయుడు,
పీరియాడికల్స్ సెక్షన్ విశ్రాంత ఉద్యోగి,
హుజూరాబాద్